నీలంగా ఉందని కోర్ కాలిందనుకోవద్దు: లోహ గాజు మీద రంగులు ఎందుకు వస్తాయి

క్లుప్తంగా: లోహ గాజు మీద కనిపించే పసుపు, ఊదా, నీలి రంగులు అద్దకం కాదు, మసి కాదు. గాలిలోని ఆక్సిజన్ తగిలి పైన ఏర్పడిన అతి పలచని ఆక్సైడ్ పొరలో వెలుగు చేసే పని అది. పొర ఎంత మందంగా ఉందో రంగు చెబుతుంది. లోపలి లోహం ఇంకా గాజుగానే ఉందా, పెళుసుబారిందా అన్నది మాత్రం చెప్పదు. అమార్ఫస్ కోర్ ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ ఉన్న అనుమానాల్లో చాలావాటికి మూలం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం. కోర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్ లోపల వైండింగ్ తీగ చుట్టి ఉండే లోహపు భాగం, దాన్ని లోహ గాజు పట్టీలతో చేస్తే అమార్ఫస్ కోర్ అంటారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో యాసంగి నాట్లు పడ్డాయంటే ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయే సీజన్ కూడా మొదలైనట్టే. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేనన్ని మోటార్లు నడుస్తాయి, ఒక రాత్రి అది కాస్తా పోతుంది, తెల్లారి రైతులే దాన్ని ట్రాక్టర్‌లో ఎక్కించి రిపేరు సెంటర్‌కు తీసుకెళ్తారు. అక్కడ ట్యాంకు విప్పాక లోపలున్నది మామూలు సిలికాన్ స్టీల్ కోర్ అయితే పెద్దగా చర్చ ఉండదు. అమార్ఫస్ కోర్ అయితే మాత్రం, వెంట్రుక కంటే పలచని పట్టీలు వేల పొరలుగా చుట్టి ఉంటాయి కదా, వాటి అంచుల్లో ఒక్కోసారి లేత నీలం, గోధుమ, ఊదా చాయలు కనిపిస్తాయి. చూసినవాళ్లు వెంటనే అనే మాట: కోర్ కూడా కాలిపోయింది.

చాలాసార్లు అది నిజం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు ఆ పట్టీ ఏమిటో, ఆ రంగు ఎక్కడిదో చూడాలి.

లోహం గాజు ఎలా అయింది

గాజు అనగానే కిటికీ అద్దం గుర్తొస్తుంది గానీ, శాస్త్రం లెక్కలో గాజు అంటే ఫలానా పదార్థమని కాదు, అది ఒక అమరిక. ఇనుము, రాగి, బంగారం లాంటి లోహాలు కరిగి చల్లబడినప్పుడు అణువులు బారులు తీరి స్ఫటికాలుగా సర్దుకుంటాయి. అవి సర్దుకునేలోపే గడ్డకట్టించేస్తే, ద్రవంలో ఎలా చెల్లాచెదురుగా ఉన్నాయో అలాగే నిలిచిపోతాయి. అదే లోహ గాజు. పారదర్శకంగా ఏమీ ఉండదు, చూడ్డానికి మెరిసే లోహంలాగే ఉంటుంది.

1960లో అమెరికాలోని కాల్టెక్‌లో పాల్ డ్యువే బృందం బంగారం, సిలికాన్ కలిపిన మిశ్రమాన్ని సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లబరిచి మొదటిసారి దీన్ని తయారుచేసింది. అంత వేగంగా చల్లబడాలంటే వస్తువు చాలా పలచగా ఉండక తప్పదు. ట్రాన్స్‌ఫార్మర్ పట్టీ సుమారు 25 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండటానికి కారణం కూడా ఇదే: గిర్రున తిరిగే రాగి చక్రం మీద కరిగిన లోహాన్ని సన్నటి ధారగా పోస్తారు, అది పట్టీగా మారి ఊడొస్తుంది. ఆ పట్టీలో ప్రధానంగా ఉండేది ఇనుము, తోడుగా బోరాన్, సిలికాన్. తర్వాత జిర్కోనియం ఆధారంగా, నెమ్మదిగా చల్లబరిచినా గాజుగానే నిలిచే మిశ్రమాలు వచ్చాయి. 1993లో కాల్టెక్ నుంచే వెలువడిన విట్రెలాయ్ 1 వీటిలో బాగా పేరున్నది. అందులో జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం ఉంటాయి. సెంటీమీటర్ల మందం ఉన్న కడ్డీలు కూడా దాంతో పోయొచ్చు.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

వాన పడ్డ రోజు బస్టాండులో నీటి గుంట మీద డీజిల్ చుక్క పడితే రంగులు విచ్చుకుంటాయి. డీజిల్‌కు ఆ రంగులు లేవు, నీళ్లకూ లేవు. బుల్లెట్ బండి సైలెన్సర్ పైపు ఇంజిన్ దగ్గర వంపు తిరిగే చోట నీలంగా మారడం కూడా ఈ కోవలోదే. లోహ గాజు మీద జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ నూనె బదులు ఆక్సైడ్ పొర ఉంటుంది.

వెలుగు ఆ పొర మీద పడగానే కొంత పైనుంచే వెనక్కి తిరుగుతుంది. మిగిలింది పొరలోకి దిగి, అడుగున ఉన్న లోహాన్ని తాకి అప్పుడు వెనక్కి వస్తుంది. రెండూ కంటిని చేరేసరికి రెండోది కాస్త ఎక్కువ దూరం నడిచి ఉంటుంది. ఆ ఎక్కువ దూరం ఒక రంగు తరంగంలో సరిగ్గా సగం అయితే, ఆ రంగు వరకు రెండు అలలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. భౌతికశాస్త్రం పుస్తకాల్లో వ్యతికరణం అని చదివింది ఇదే. తెల్లటి వెలుగులోంచి ఒక రంగు తగ్గిపోతే, మిగిలిన రంగులు కలిసి కంటికి వేరే రంగుగా కనిపిస్తాయి.

ఒక చిన్న లెక్క చూస్తే సంగతి తేలికవుతుంది. జిర్కోనియం ఆక్సైడ్ వక్రీభవన గుణకం, అంటే తనలో వెలుగును ఎన్ని రెట్లు నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె, సుమారు 2.2. పొర మందం 50 నానోమీటర్లు (నానోమీటర్ అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) అనుకుంటే, రానూ పోనూ 100, దాన్ని 2.2తో గుణిస్తే 220. ఇది 440 నానోమీటర్ల నీలి వెలుగులో సగం. నీలం ఎగిరిపోయింది కాబట్టి లోహం పసుపుగా, బంగారు చాయలో కనిపిస్తుంది. పొర 65 నానోమీటర్లకు పెరిగితే ఇదే లెక్కలో 570 దగ్గర ఉన్న పసుపు వెలుగు పోతుంది, అప్పుడు కనిపించేది నీలం, ఊదా వైపు ఉండే రంగు. పదిహేను నానోమీటర్ల తేడాతో పసుపు కాస్తా నీలమైపోయింది. నిజంగా కొలిస్తే ఈ అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి, ఎందుకంటే లోహాన్ని తాకి తిరిగొచ్చే అల కొంచెం జరిగి వస్తుంది, ఆ జరుగుడు ఒక్కో లోహానికి ఒక్కో తీరు. వరుస మాత్రం మారదు: లేత పసుపు, ముదురు బంగారం, ఊదా, నీలం, వెలిసిన నీలం, ఆ తర్వాత మళ్లీ పసుపు నుంచి రెండో రౌండు. పొర ఇంకా ఇంకా మందమైతే చాలా రంగులు ఒకేసారి తెగిపోతూ, కలిసిపోతూ చివరికి బూడిద రంగో నలుపో మిగులుతుంది.

థర్మామీటర్లు లేని రోజుల్లో కమ్మరి చేసింది ఇదే. ఉలిని కాల్చి నీళ్లలో ముంచాక, మళ్లీ కొలిమి పక్కన పెట్టి రంగు ఎక్కేదాకా చూసేవాడు. మామూలు ఉక్కు మీద సుమారు 220 డిగ్రీలకు లేత పసుపు, 280కి ఊదా, 300కి నీలం వస్తాయి. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. రంగు చెప్పేది పొర మందాన్నే తప్ప వేడిని కాదు. తక్కువ వేడిలో ఎక్కువ సేపు ఉంచినా అదే నీలం వస్తుంది. పైగా పొర పెరిగేకొద్దీ ఆక్సిజన్ దాన్ని దాటుకుని వెళ్లడం కష్టమవుతుంది, అందుకే చాలా సందర్భాల్లో మందం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల సమయం పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో క్రోమియం ఆక్సైడ్ అడ్డుగోడలా నిలబడుతుంది కాబట్టి అదే నీలానికి ఇంకా చాలా ఎక్కువ వేడి కావాలి. అంటే లోహం ఏదో తెలియకుండా, ఎంతసేపు వేడెక్కిందో తెలియకుండా, రంగు ఒక్కటే చూసి ఇన్ని డిగ్రీలకు వెళ్లింది అని చెప్పేవాళ్లు ఊహించి చెబుతున్నట్టే లెక్క.

గాజు కావడం వల్ల వచ్చే తేడా

మామూలు లోహాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే పొలం గట్లలాగా రేణువుల సరిహద్దులు కనిపిస్తాయి. ఒక్కో రేణువులో అణువుల బారులు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి, ఆ దిక్కును బట్టి పైన ఆక్సైడ్ పెరిగే వేగం మారుతుంది. అందుకే బాగా పాలిష్ చేసిన టైటానియం మీద రంగు తెప్పిస్తే పక్కపక్క రేణువులే వేర్వేరు చాయల్లో తేలడం కనిపిస్తుంది. గట్ల వెంబడి అణువులు వదులుగా ఉంటాయి, కాబట్టి ఆక్సిజన్‌కు అవి దొడ్డిదారులు కూడా.

లోహ గాజులో గట్లే లేవు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే మడి. అందుకే నున్నగా ఉన్న ముక్కను అంతటా ఒకేలా వేడి చేస్తే రంగు కూడా మచ్చలు లేకుండా, అద్దం మీద పరుచుకున్నట్టు సమంగా వస్తుంది. ఇది చూసి కొందరు ఒక అడుగు ముందుకేసి, గట్లు లేవు కాబట్టి గాజుకు ఆక్సీకరణ తక్కువే అని తేల్చేస్తారు. అది తొందరపాటు. స్ఫటికంలో అణువులు దగ్గర దగ్గరగా సర్దుకుని ఉంటాయి, గాజులో కాస్త ఖాళీ ఎక్కువ, ఆ ఖాళీ వల్ల అణువులు కదలడం సులువవుతుంది. దొడ్డిదారులు పోయాయి నిజమే, కానీ పొలమంతా కొంచెం వదులైంది. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందన్నది మిశ్రమం కూర్పును బట్టి, వేడిని బట్టి ఉంటుంది. కొన్ని జిర్కోనియం గాజులు స్ఫటికంగా మారాక నెమ్మదిగా ఆక్సీకరణ చెందితే, ఇంకొన్ని సరిగ్గా దానికి తిరగబడి నడుస్తాయి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఈ మిశ్రమాల్లో మూడు నుంచి ఐదు మూలకాలు ఉంటాయి, ఆక్సిజన్ అంటే అన్నింటికీ సమానమైన ఇష్టం ఉండదు. జిర్కోనియం, టైటానియం, అల్యూమినియం, బెరీలియం ముందు వరుసలో ఉంటాయి. రాగి, నికెల్ వెనక ఉంటాయి. ముందువి పైకొచ్చి ఆక్సైడ్‌లో కలిసిపోతే, పొర కిందుగా రాగి, నికెల్ పోగుపడతాయి. అక్కడి కూర్పు ఇక పాత కూర్పు కాదు. గాజు అనేది లెక్క కుదిరిన కూర్పు మీదే నిలబడుతుంది కాబట్టి, ఆ పలచని మేరలో ముందుగా స్ఫటికాలు మొలిచే వీలుంటుంది. కొన్ని మిశ్రమాలను బాగా వేడి చేస్తే రాగి పొరను దాటుకుని పైకొచ్చి నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది, అప్పుడు పైనున్న ఇంద్రధనుస్సు వరుస చెదిరిపోతుంది.

ఇనుప పట్టీలోనూ ఇలాంటిదే జరుగుతుంది. బోరాన్, సిలికాన్ ఆక్సిజన్ కోసం పైకి వెళ్తే, కిందున్న పలచని మేరలో వాటి వంతు తగ్గి స్ఫటికాలు ఏర్పడతాయి. స్ఫటికం గాజు కంటే తక్కువ చోటు తీసుకుంటుంది. పైపొర అలా ముడుచుకుంటే లోపలి లోహం మీద ఒత్తిడి పడుతుంది, దాంతో అయస్కాంత లక్షణం కొంత మారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పట్టీల తయారీలో ఆక్సీకరణ మీద కాపలా పెట్టేది ఇందుకే గానీ అందం కోసం కాదు.

రంగు లెక్క వేరు, స్థితి లెక్క వేరు

లోహ గాజును వేడి చేస్తే రెండు పనులు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి పైన ఆక్సైడ్ పెరగడం, దీనికి గాలి కావాలి. రెండోది లోపల అణువులు కుదురుకోవడం, ఇంకా వేడెక్కితే స్ఫటికాలుగా మారిపోవడం, దీనికి గాలితో పనిలేదు. రంగు మొదటిదాన్నే చూపిస్తుంది.

విట్రెలాయ్ 1 సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, మామూలుగా వేడి చేస్తూ పోతే 430 ప్రాంతంలో స్ఫటికంగా మారడం మొదలవుతుంది. దాన్ని గాలిలో కొద్దిసేపు వేడి చేసి తీస్తే పైన చక్కటి రంగు వచ్చి, లోపల గాజు చెక్కుచెదరకుండా ఉండొచ్చు. అదే ముక్కను గాలి తీసేసిన కొలిమిలో 450 దగ్గర గంటలు ఉంచితే పైన అద్దంలా మెరుస్తూనే లోపల మొత్తం స్ఫటికమై, కింద పడితే పగిలే స్థితికి వస్తుంది. మెరిసేది పాడైంది, రంగు మారింది బాగుంది. కంటితో చూసి తీర్పు చెప్పేవాళ్లకు ఇది మింగుడుపడదు.

తేడా తేల్చే పరీక్ష ఎక్స్‌రే. గాజు అయితే తెర మీద ఒక వెడల్పాటి గుట్ట కనిపిస్తుంది, స్ఫటికాలుంటే సూదుల్లాంటి శిఖరాలు లేస్తాయి. ఇంట్లో చేయగలిగింది మాత్రం ఒకటుంది: ముక్కను వెలుగులో అటూఇటూ తిప్పి చూడటం. పలచని పొర వల్ల వచ్చిన రంగు అయితే కోణం మారేకొద్దీ చాయ కాస్త జరుగుతుంది. రంగు వేసింది, తుప్పు పట్టింది అయితే ఏ వైపు నుంచి చూసినా అదే రంగు. సబ్బు బుడగలో మారినంతగా ఇక్కడ మారదు, ఆక్సైడ్ వక్రీభవన గుణకం ఎక్కువ కావడంతో లోపల వెలుగు దాదాపు నిటారుగానే దిగుతుంది.

మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. లైన్‌లో కరెంటు ఉన్నంతసేపూ, ఒక్క మోటారు తిరగకపోయినా, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ కొంత విద్యుత్తును వేడి రూపంలో తినేస్తూనే ఉంటుంది. సిలికాన్ స్టీల్‌తో పోలిస్తే అమార్ఫస్ కోర్‌లో ఈ నష్టం 60 నుంచి 70 శాతం దాకా తక్కువ. ఈ లెక్క వల్లే దేశంలో కొన్ని డిస్కమ్‌లు వీటిని తీసుకుంటున్నాయి.

ఈ పట్టీలను కోర్‌గా చుట్టాక, పోతపోసినప్పటి ఒత్తిళ్లు పోవడానికి ఫ్యాక్టరీలో 330 నుంచి 380 డిగ్రీల మధ్య కాసేపు వేడి చేస్తారు. చుట్టూ నైట్రోజన్ లాంటి వాయువు నింపుతారు. ఆ కొలిమిలో కొంచెం గాలి మిగిలినా, పూర్తిగా చల్లారకముందే కోర్‌ను బయటికి తీసినా, ముందుగా గాలి తగిలేది అంచులకే. నీలి చాయలు అక్కడ పట్టుకుంటాయి.

ఇప్పుడు వాడకం సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో మునిగి పనిచేస్తుంది. ఓవర్‌లోడ్ అయినా మొత్తం కోర్ వేడి 300 దాకా వెళ్లదు, అంతకంటే చాలా ముందే వైండింగ్ ఇన్సులేషన్ మాడిపోయి, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. నూనెలో ఆక్సిజన్ కూడా అంతంతమాత్రమే. కాబట్టి అంచుల వెంట సమంగా పరుచుకున్న నీలం యాసంగి ఓవర్‌లోడ్ గుర్తు కాదు, చాలావరకు ఫ్యాక్టరీ కొలిమి గుర్తు. షార్ట్ అయి మెరుపు కొట్టిన చోటు, ట్యాంకు పగిలి మంటలు అంటుకున్న సందర్భం దీనికి మినహాయింపు. అప్పుడు మచ్చ ఒక్కచోటే ఉంటుంది, పక్కన మసి, కరిగిన చుక్కలు, మాడిన కాగితం కూడా కనిపిస్తాయి.

రంగు కంటే పట్టించుకోవాల్సింది పెళుసుదనం. ఫ్యాక్టరీలో వేడి చేసిన అమార్ఫస్ పట్టీ, ఎంత తళతళలాడినా, మడిచితే విరుగుతుంది. పాత అలవాటుకొద్దీ స్టీల్ కోర్ విప్పినట్టు దీన్ని విప్పితే రేకులు చిట్లి నలుసులు రాలతాయి, అవి నూనెలో కలిసి వైండింగ్ దగ్గరికి చేరితే ఇంకో ప్రమాదం. అమార్ఫస్ కోర్ రిపేరు కష్టమనే ఫిర్యాదులో నిజముంది, కానీ దానికి నీలి రంగుతో సంబంధం లేదు.

గాజు కాబట్టి తుప్పు పట్టదు అనే మాట కూడా అక్కడక్కడ వినిపిస్తుంది. క్రోమియం, ఫాస్ఫరస్ కలిపిన ఇనుప గాజులు తుప్పును బాగా తట్టుకుంటాయి, ఇది 1970ల్లోనే జపాన్‌లో తేలింది. ట్రాన్స్‌ఫార్మర్ పట్టీలో క్రోమియం ఉండదు. విప్పిన కోర్‌ను వానలో వదిలేస్తే ఇనుప మేకు మీద వచ్చినట్టే ఎర్రటి తుప్పు వస్తుంది.

బంగారు గాజుకు వచ్చిన తిప్పలు

వేడి చేయకుండానే రంగు మారిన ఉదాహరణ ఒకటుంది, బంగారం అంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇది ఆసక్తిగా ఉంటుంది. 2005లో బంగారం, వెండి, పల్లాడియం, రాగి, సిలికాన్ కలిపి 18 క్యారెట్ల లోహ గాజును తయారుచేశారు. మామూలు 18 క్యారెట్ల బంగారం కంటే చాలా గట్టిది, గీతలు అంత తేలిగ్గా పడవు, సుమారు 130 డిగ్రీలకే మెత్తబడుతుంది కాబట్టి ప్లాస్టిక్‌లా అచ్చు పోయొచ్చు. నగల తయారీకి ఇంతకంటే ఏం కావాలి అనిపించేలా ఉంది. అయితే వాడుతుంటే నెలల్లోనే గోధుమ రంగుకు తిరిగింది. అదే క్యారెట్ ఉన్న మామూలు బంగారం అలా మారదు.

తప్పు బంగారానిది కాదు, గాజు చేయడానికి కలిపిన సిలికాన్‌ది. ఆక్సిజన్ లోపలికి దిగి సిలికాన్‌ను కొమ్మలు కొమ్మలుగా సిలికాగా మారుస్తుంది. సిలికాన్ చేయి వదిలేసరికి రాగికి కదలడానికి వీలు దొరికి పైకొస్తుంది, పైన ఆక్సైడ్‌గా, సల్ఫైడ్‌గా మారుతుంది. ఇత్తడి బిందెకు చిలుము పట్టడానికి ఇది దూరపు చుట్టం. బిందెకైతే చింతపండు పెట్టి తోమితే పోతుంది, ఇక్కడ పైపొర తీసేసినా లోపల సిలికాన్ ఇంకా మిగిలే ఉంటుంది, మళ్లీ వస్తుంది. ఈ రంగులో వ్యతికరణం పాత్ర కంటే ఆ రాగి సమ్మేళనాల సొంత రంగు పాత్రే ఎక్కువ, అందుకే పసుపు, ఊదా, నీలం అనే వరుస ఇక్కడ వెతకడం దండగ.

కావాలని తెచ్చే రంగు, తీసేయాలనుకునే రంగు

టైటానియం, జిర్కోనియం ఉన్న గాజుల మీద వేడి లేకుండా కూడా రంగు తెప్పించొచ్చు. ముక్కను ద్రావణంలో ముంచి కరెంటు ఇస్తే ఆక్సైడ్ పెరుగుతుంది, ఎన్ని వోల్టులు పెడితే అంత మందం దగ్గర ఆగిపోతుంది. వోల్టేజీ తిప్పితే రంగు మారుతుంది. రంగు సమంగా కావాలనుకునేవాళ్లకు రేణువులు లేని గాజు ఇక్కడ బాగా కలిసొస్తుంది.

ఆక్సైడ్ పొర మంచి చేసే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ అణు రియాక్టర్ల కోసం జిర్కోనియం మిశ్రమం గొట్టాలు తయారుచేస్తుంది. అవి గాజు కాదు, స్ఫటిక లోహమే. రియాక్టర్లలో వాడే ఇలాంటి జిర్కోనియం భాగాలను ముందుగానే వేడి ఆవిరిలో ఉంచి, పైన నల్లగా నిగనిగలాడే గట్టి పొర తెప్పించడం ఈ రంగంలో మామూలే. అక్కడ నలుపు వస్తే మంచిది, తెల్లగా పొడిబారితే అనుమానించాలి. నీలం అంటే చెడు, నలుపు అంటే మాడింది అనే లెక్క అక్కడ పనికిరాదు.

ఇక రంగు నచ్చక ఎమరీ పేపర్‌తో రుద్దేయాలనుకునేవాళ్ల సంగతి. విట్రెలాయ్ 1లో ప్రతి వంద అణువుల్లో ఇరవై రెండుకు పైగా బెరీలియంవే. ముక్కగా చేతిలో పట్టుకుంటే ఏమీ కాదు, పొడి చేసి పీల్చితే ఊపిరితిత్తులకు ప్రమాదం, కాబట్టి దాన్ని పొడిగా రుద్దకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ పట్టీలో బెరీలియం లేదు, కానీ అక్కడ రుద్దితే పోయేది రంగు కాదు, పట్టీయే. 25 మైక్రాన్ల రేకు మీద అరవై నానోమీటర్ల పొర నీలంగా ఉన్నా కోర్ పనికి అడ్డు రాదు. రుద్దుడుకు చిట్లిన రేకు ముక్క నూనెలో పడితే మాత్రం అడ్డొస్తుంది.